ముత్తాతకు పై తరం

తెలుగు కుటుంబాల్లో పూర్వీకుల పేర్లు మామూలుగా మూడు తరాల దగ్గర ఆగిపోతాయి. తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లూ, తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లూ గోత్రంతో సహా చెప్పాలి కాబట్టి ఆ మేరకు గుర్తుంటాయి. వంశచరిత్ర వెతికేవారు ముందు రాసుకోవలసినవి ఇవే. ఇంటిపేరు చాలాసార్లు ఊరి పేరే. పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారో అది చెబుతుంది. గోత్రం కలిసినంత మాత్రాన మాత్రం చుట్టరికం రుజువు కాదు.

పాత తరాలవారు వయసును సంఘటనలతో చెప్పుకునేవారు: 1864 నాటి బందరు ఉప్పెన, 1876-78 నాటి ధాత కరువు, తెలంగాణలో రజాకార్ల రోజులు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగి వస్తాయి కనుక ‘ధాత’ అన్నది 1876 కావచ్చు, 1936 కావచ్చు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మరో చిక్కు. వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు మళ్లీ వెంకయ్య. పేరు పక్కన కాలం రాసుకోకపోతే ఇద్దరు మనుషులు ఒకరైపోతారు.

కాగితాల్లో భూమి లెక్కలే అన్నిటికన్నా విలువైనవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లలో ఇనాం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పట్లో అనుభవిస్తున్నవారి వయసెంత, వారు మొదటి ఇనాందారుకు ఏమవుతారు అన్న వివరాలుంటాయి. ఒక్క పుటలోనే రెండు మూడు తరాలు దొరకవచ్చు. పూజారులు, మేళగాళ్లు, దేవదాసీల పేర్లు కూడా వీటిలో కనిపిస్తాయి. నిజాం రాజ్యంలో చూడవలసింది సేత్వార్ అనే భూమి సర్వే, సెటిల్మెంటు రిజిస్టరు. అక్కడి పాత దస్త్రాలకు ఉర్దూ చదివేవారి సాయం కావాలి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ తెలంగాణ గ్రామాలకు మంచి ఆధారం. లెక్కల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి కనుక, కార్యాలయంలో దొరకని పాత చిట్టాల కోసం ఒకప్పటి కరణాల కుటుంబాలనూ అడిగి చూడాలి.

భూమి పట్టాల్లో ఆడవాళ్లు అరుదు. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన దస్తావేజులు, పాత శుభలేఖలు వాళ్ల పుట్టింటి పేరును నిలబెట్టాయి. వీటిని చిత్తుకాగితాలుగా పారేయకూడదు.

భూమి లేనివారి చరిత్ర ఈ లెక్కల్లో దొరకదు. దాన్ని నోటితో మోసినవారు ఆశ్రిత కులాల కథకులు. రెడ్లకు, కాపులకు పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు గోత్రాలు, కుల పురాణాలు చెబుతూ ఊరూరా తిరిగేవారు. వారు చెప్పే మూలపురుషుల కథ పురాణమే అయినా, ఏ ఇంటివారు ఏ ఊరినుంచి వచ్చారన్న జ్ఞాపకాన్ని తేలిగ్గా తీసేయడం తప్పు. కాగితం ఎక్కని ఇళ్లకు ఆ నోటిమాటే దస్త్రం.

వలస వెళ్లిన కూలీల విషయం వేరు. ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి తొలి కూలీలతో 1860 నవంబరు 16న నేటి దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతపు రేవు డర్బన్ చేరింది. ఆనాటి నుంచి 1911 దాకా నేటాల్‌కు వెళ్లినవారి ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు నమోదయ్యాయి. తెలుగు పేర్లను గుమాస్తాలు చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాశారు కాబట్టి, అక్కడి వారసులు పేరును పైకి చదివి, పలుకుబడిని బట్టి ఊరిని పోల్చుకోవాలి. ఊళ్లో ఉండిపోయిన అన్న పేరు ఏ లెక్కలోనూ లేకపోయినా, ఓడ ఎక్కిన తమ్ముడి వివరాలు ఆ జాబితాల్లో ఉండే అవకాశం ఉంది.