బండికి అదనపు దీపాలు: కార్బైడు నుంచి రిలే దాకా



పొద్దు గూకాక మన సరిహద్దు రోడ్ల మీద పికప్ బండ్ల సందడి మొదలవుతుంది. కోలారు టమోటా పెట్టెలతో మొగిలి ఘాటు దిగి చిత్తూరు వైపు వచ్చేవి కొన్ని, సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాటెక్కేవి కొన్ని. కంపెనీ ఇచ్చిన రెండు దీపాలు చాలవని, బంపరు మీదో క్యాబిన్ పైనో మరో రెండు బిగించుకున్న బండ్లను మీరు చూసే ఉంటారు. అసలు ఈ దీపాలూ, వాటి వెనక వైరింగూ ఎలా వచ్చాయో ఈరోజు చెప్పుకుందాం. ఈ చరిత్రలో ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. పెద్ద దీపం త్వరగానే దొరికింది. దానికి కరెంటు చేరవేసే సరైన దారి మాత్రం ఆలస్యంగా దొరికింది.

తిరునాళ్ళలో అంగళ్ళ ముందు వెలిగిన కార్బైడు దీపాలు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. కాల్షియం కార్బైడు మీద నీటి చుక్కలు పడితే ఎసిటిలీన్ గ్యాసు పుడుతుంది. 1892లో కెనడాకు చెందిన థామస్ విల్సన్ కార్బైడును చౌకగా తయారుచేసే పద్ధతి కనుక్కున్నాడు. తొలి రోజుల మోటారు కార్లకు ఈ గ్యాసే వెలుగు. చీకటి పడితే డ్రైవరు కిందికి దిగి, దీపం అద్దం తెరిచి, అగ్గిపుల్ల గీసి వెలిగించాలి. వైరూ లేదు, స్విచ్చీ లేదు.

1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు, దానితోపాటు విద్యుత్ దీపాలు వచ్చాయి. మరుసటి ఏడే జర్మనీలో బాష్ కంపెనీ దీపాలు, డైనమో, బ్యాటరీ, రెగ్యులేటరు కలిపి ఒకే ఏర్పాటుగా అమ్మింది. ఫోర్డ్ మోడల్ టి కారుకు 1915 నుంచి విద్యుత్ హెడ్‌లైట్లు వచ్చాయి కానీ, వాటికి కరెంటు ఇంజన్ మాగ్నెటో నుంచే. ఇంజన్ వేగం తగ్గితే దీపం మసకబారేది. వెలుగు బాగా కావలసిన చోటే అది మొరాయించేదన్నమాట. ఆ మోడల్ టి కే వెనక తొట్టి అమర్చి, 1925లో ఫోర్డ్ కంపెనీ పికప్‌గా 281 డాలర్లకు అమ్మింది. రైతులకూ చిన్న వ్యాపారులకూ అది అందివచ్చింది.

అదనపు దీపం విషయానికొస్తే, 1930లో బాష్ కంపెనీ పొగమంచు దీపాన్ని విడుదల చేసింది. దీన్ని కిందుగా బిగిస్తారు. పైనుంచి పడే వెలుగు మంచు బిందువులకు తగిలి తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. కిందుగా పడేది రోడ్డు అంచును చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపులకు శత్రు విమానాల కంట పడకుండా ముసుగు దీపం ఉండేది. హెడ్‌లైటును వెనక్కి తిప్పి దాని వెలుగులోనే ఇంజన్ మరమ్మతు చేసుకునే వీలూ ఉండేది. ఆ జీపులనే 1949 నుంచి బొంబాయిలో మహీంద్రా సంస్థ కూర్చి అమ్మింది.

ఆనాటి జీపులో ఉన్నది 6 వోల్టుల బ్యాటరీ. 60 వాట్ల దీపానికి 6 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు కావాలి; 12 వోల్టుల దగ్గర 5 చాలు. కరెంటు సగమైతే అదే వైరులో వృథా అయ్యే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. 1950లలో అమెరికా కార్లు 12 వోల్టులకు మారడానికి ఇదీ ఒక కారణమే. 1962లో యూరప్‌లో హాలోజన్ బల్బు వచ్చింది. ఎవరికి కావాలంటే వారు అదనంగా ఓ జత బిగించుకోవడం సులువైంది.

చిక్కు అక్కడే మొదలైంది. 100 వాట్ల బల్బులు రెండు వెలిగితే 16 ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంటును సన్నని వైరు మీదుగా డ్యాష్‌బోర్డు స్విచ్చికి తెచ్చి, మళ్ళీ ముందుకు పంపితే వైరు వేడెక్కుతుంది, దీపం దగ్గర వోల్టేజి తగ్గుతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. వెలుగు చాలలేదని ఇంకా పెద్ద బల్బు వేస్తే వైరు ఇంకా కాలుతుంది. బండి తగలబడే దారి ఇదే.

దీనికి మందు మోటారు కంటే పాతది. 1830లలో జోసెఫ్ హెన్రీ, ఆ తర్వాత శామ్యూల్ మోర్స్ తంతి కోసం వాడిన రిలే అది. దూరం వెళ్ళిన కరెంటు నీరసించిపోతే, ఆ కొద్దిపాటి బలంతోనే ఒక అయస్కాంతాన్ని పనిచేయించి, కొత్త బ్యాటరీని కలిపేవారు. అలసిన గుర్రాన్ని విప్పి కొత్త గుర్రాన్ని కట్టే తపాలా మజిలీల నుంచే ఆ పేరు వచ్చింది. మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ముగిసింది కానీ, దాని రిలే మీ బండి బానెట్ కింద పనిచేస్తూనే ఉంది.

రిలే మీద ఉండే అంకెలు జర్మన్ ప్రమాణం నుంచి వచ్చినవి. 30కి బ్యాటరీ నుంచి లావు వైరు, 87 నుంచి దీపానికి మరో లావు వైరు. 85, 86 లోపలి అయస్కాంతానివి. వాటిలో ఒకటి ఎర్త్, ఒకటి స్విచ్చి. స్విచ్చి మీదుగా వెళ్ళేది ఒక ఆంపియరులో చిన్న భాగమే. ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టించండి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకు రక్షణ ఉండదు. ఎర్త్ బిగించే చోట పెయింటు, తుప్పు గీకించండి. దీపం మినుకుమినుకుమంటే ముందు చూడవలసింది అదే.

ఇక చివరిగా ఎదుటి బండి సంగతి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో వచ్చాయి. రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చి లైటు పెట్టకూడదని వాటిలో 111వ నియమం చెబుతుంది. రాష్ట్రం మారినా ఈ నియమం మారదు. అనుమతి ఉన్న దీపానికైనా రిలేకు సంకేతం అప్పరు వైరు నుంచి ఇప్పించండి. అప్పుడు డిప్పరు కొట్టగానే అదనపు దీపాలు కూడా వాటంతటవే ఆరిపోతాయి. ఘాటు మలుపులో ఎదురొచ్చే డ్రైవరుకు రెండు క్షణాలు కళ్ళు కనబడకపోతే, ఆ ప్రమాదం అతనొక్కడిదే కాదు, మీదీను. మీ దీపం మీకు దారి చూపాలి. ఎదుటివాడికి దారి లేకుండా చేయకూడదు.