దారి తప్పిన తేనెటీగలు

పూవునుండి పూవునకు పుప్పొడిని చేర్చు తేనెటీగలు రైతునకు జీతములేని సేవకులు. పురుగులపై వాడిన మందు ఈ సేవకులకే హాని చేసినచో ఏమి చేయవలెను? ఐరోపాలో ఈ ప్రశ్న తెగుటకు ఇంచుమించు ఇరువది ఏండ్లు పట్టినది.

1990-2000 మధ్య ఫ్రాన్సు రైతులు ప్రొద్దుతిరుగుడు విత్తనములకు ఇమిడాక్లోప్రిడ్ అను మందు పట్టించి నాటసాగిరి. పొగాకులోని నికోటినువలె ఇది కీటకముల నాడీమండలమును దెబ్బతీయును. విత్తనమునకు పట్టించిన మందు మొక్కతో బాటు పైకి ప్రాకి పుప్పొడికిని, మకరందమునకును చేరును. మేతకు పోయిన ఈగలు తిరిగి వచ్చుట లేదని పెంపకందారులు మొరపెట్టిరి. 1999లో ఫ్రెంచి ప్రభుత్వము ప్రొద్దుతిరుగుడుపై ఆ మందును నిలిపివేసెను.

2008 వసంతమున జర్మనీలోని రైను లోయలో మరొక విపత్తు కలిగెను. మొక్కజొన్న విత్తనములకు పట్టించిన క్లోథియానిడిన్ నాటుయంత్రములనుండి ధూళిగా లేచి పరిసరములందలి పూలపై పడెను. 11,000కు మించిన తేనెటీగల కుటుంబములు దెబ్బతినెను.

ఇచ్చట చావు కంటికి కనబడినది. మరి చావక దారి తప్పిన ఈగ సంగతి యేమి? మందుల పరీక్షలు ముఖ్యముగా ఎంత మోతాదుకు ఈగ చచ్చునో చూచెడివి. 2012లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈగల వీపులపై చిన్న రేడియో గుర్తులు అంటించి, వాటిలో కొన్నింటికి థయామెథాక్సమ్ కలిపిన చక్కెర నీరు త్రాగించి, దూరముగా విడిచిరి. గ్రామును నూరుకోట్ల భాగములు చేయగా అందొక భాగమునకు కొంచెము మించినది ఆ మోతాదు. అది చంపునంతటిది కాదు. అయినను మందు త్రాగిన ఈగలలో ఇల్లు చేరనివి ఎక్కువగా నుండెను. మేత తెచ్చు ఈగ రాకున్న కుటుంబము క్షీణించును.

2013లో ఐరోపా యూనియన్ ఈ మూడు మందులను ఈగలు వ్రాలు పంటలపై వాడరాదని ఆంక్ష విధించెను. అడవి ఈగజాతులకును ముప్పున్నదని తేలగా, 2018లో శాశ్వతమైన గాజు ఇండ్ల లోపల తప్ప మరెచ్చటను వాడరాదనెను.

నిషేధమునకు మూల్యము లేకపోలేదు. 2020లో పేనుబంక పురుగు వ్యాపింపజేసిన తెగులుతో ఫ్రాన్సు చక్కెర బీటు రైతులు నష్టపోయి మినహాయింపు పొందిరి. అట్టి మినహాయింపులు చెల్లవని 2023లో ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ రైతునకు వేరొక ఉపాయము చూపుట నేడును శాస్త్రము ముందున్న పని.

“ఈ మందు ఈగను చంపునా?” అని అడిగి ఊరకుండిన చాలదు, “ఇల్లు చేరనిచ్చునా?” అనియు అడుగవలెను.