స్పిట్‌ఫైర్ నమూనా (హైదరాబాదు స్క్వాడ్రన్)

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు వాయుసేనకు చెందిన 152వ స్క్వాడ్రన్ హైదరాబాదు పేరును ధరించి, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలను నడిపింది. దాని చిహ్నంలో నిజాము తలపాగా ఉంటుంది. 1940 నాటి మార్క్ 1 విమానానికి 1/72 కొలతలో చేసిన నమూనా రెక్కల నిడివి సుమారు 15.6 సెం.మీ.

తుది మెరుగులు

అతుకులను నునుపుగా అరగదీసి రంగు వేస్తారు. రంగు ఆరిన పిదప మెరిసే వార్నిష్ పూసి, నీటిలో నానిన డెకాల్ గుర్తులను అతికిస్తారు. ఉపరితలం గరుకుగా ఉన్నచో గుర్తు క్రింద గాలి చేరి తెల్లగా కనిపిస్తుంది. చివరగా మెరుపు లేని వార్నిష్ పూస్తారు.

గుర్తులు

1944లో ఈ స్క్వాడ్రన్ బర్మా యుద్ధంలో మార్క్ 8 విమానాలను నడిపింది. అక్కడ జపాను వారి ఎర్రని సూర్యబింబమని పొరబడి సొంత సైనికులే కాల్చే ప్రమాదం ఉన్నందున, బ్రిటిషు విమానాల వలయాకార గుర్తులలో ఎరుపును తొలగించి నీలి ఛాయలు వాడారు. కావున బర్మా విమానపు నమూనాపై ఎర్రని కేంద్రం గల గుర్తు వేయడం చారిత్రకంగా దోషము.