పీటర్లూ వ్యంగ్యచిత్రమున వక్త యెవరు?

మాంచెస్టరు నగరములోని సెయింట్ పీటర్స్ మైదానమున 1819 ఆగస్టు 16వ తేదీన జరిగిన దారుణమును గూర్చి ఆ సంవత్సరము లండనులో వెలువడిన వ్యంగ్యచిత్రములలో, చరిత్రగ్రంథములు నేటికిని తఱచుగా పునర్ముద్రించుచున్న వానిలో నొకటి జార్జి క్రూయిక్‌షాంకు రచించిన ‘సెయింట్ పీటర్స్ సంహారము, లేదా బ్రిటనులారా, గట్టిగా కొట్టుడు’ అనునది. ఆ నెలలోనే థామస్ టెగ్ అను ప్రకాశకుడు దానిని విక్రయమునకు పెట్టెను. ఇది ప్రజాపక్షమున నిలిచిన చిత్రమనియు, కావున దీనిని గీసినవాడు ప్రజాస్వామ్యవాదియనియు చూపరులు ఒక్కచూపులో నిర్ణయించుకొందురు. ఆ నిర్ణయములో మొదటి సగము నిజము. రెండవ సగము పరీక్షకు నిలువదు.

వ్యంగ్యార్థము వాక్యము నొక్కదానినే ఆశ్రయించి యుండదనియు, పలుకువాడెవడు, వినువాడెవడు, సందర్భమేది, దేశకాలము లెట్టివి అను విషయములనుబట్టి అది స్ఫురించుననియు ఆలంకారికుడైన మమ్మటుడు కావ్యప్రకాశమున నిరూపించి యున్నాడు. కావ్యముకొఱకు చెప్పిన ఈ లక్షణము రాజకీయ వ్యంగ్యచిత్రమునకును చక్కగా పట్టును. ఏలయన నిట్టి చిత్రమున వక్తలు ఇరువురుందురు. తన మాటను మనసార నమ్మి పలుకు పాత్ర యొకడు. ఆ మాటను వానినోట పెట్టి తాను వెనుక నిలిచిన చిత్రకారుడు మఱియొకడు. వారిరువురి నడిమి యెడమే వ్యంగ్యమునకు నెలవు. ఆ యెడమును కొలువదలచినవానికి ముందుగా నాటి వృత్తాంతము తెలిసి యుండవలెను.

మాంచెస్టరు, ప్రక్కనున్న సాల్ఫర్డుతో కలిసి, లక్షకు మించిన జనముతో నాటికే నూలుపరిశ్రమకు రాజధానియై యుండెను. అయినను పార్లమెంటులో ఆ నగరమునకు సొంత ప్రతినిధి యొక్కడైనను లేడు. మనుష్యసంచారమే కఱవైన ఓల్డ్ సారమ్ అను పాడుదిబ్బ మాత్రము ఇద్దరిని పంపుచుండెను. నెపోలియనుతో యుద్ధము ముగిసిన పిమ్మట పని తగ్గెను, కూలి తగ్గెను. 1815 నాటి ధాన్యశాసనమువలన రొట్టెధర మాత్రము తగ్గలేదు. ఓటుహక్కు కోరుచు, సంస్కరణవాదియైన హెన్రీ హంటు ఉపన్యాసము వినుటకై ఆనాడు ఇంచుమించు అరువదివేలమంది, పండుగబట్టలు కట్టి, ఊరూర వరుసలు తీరి మైదానమునకు వచ్చిరి. స్త్రీలు తెల్లని దుస్తులు ధరించి తమ సంఘముల ధ్వజములతో నడచివచ్చిరి. మాంచెస్టరు స్త్రీ సంస్కరణసంఘాధ్యక్షురాలు మేరీ ఫిల్డెస్ వేదికమీదనే యుండెను. మేజిస్ట్రేట్లు హంటును పట్టుకొండని ఆజ్ఞాపించిరి. మిల్లుదారులు, అంగళ్లవారు, సారాయి దుకాణదారులు చేరి యేర్పఱచుకొన్న యోమెన్రీ అను స్వచ్ఛంద ఆశ్వికదళము జనములోనికి కత్తులతో దూసికొనిపోయెను. వెనువెంటనే సైన్యములోని 15వ హుస్సారుల ఆశ్వికదళమును దింపిరి. పదునైదుగురికి తక్కువగాక మరణించిరి; ఆరువందలకు పైగా గాయపడిరి. వచ్చినవారిలో స్త్రీలపాలు ఎంతయో, గాయపడినవారిలో వారి పాలు అంతకంటె మిక్కిలి హెచ్చు. నాలుగేండ్లనాటి వాటర్లూ విజయమును ఎత్తిపొడుచుచు ‘మాంచెస్టరు అబ్జర్వరు’ పత్రిక ఈ సంఘటనకు పీటర్లూ అని పేరు పెట్టెను. మృతులలో వాటర్లూలో పోరాడి వచ్చిన సైనికు డొకడు కలడు.

ఇక చిత్రము. బలిసిన గుఱ్ఱములమీద అంతకంటె బలిసిన ఆశ్వికులు; క్రింద డెక్కల నడుమ పడిన స్త్రీలు, పిల్లలు. యోమెన్రీవారు ఆనాడు దూసినవి కత్తులు. చిత్రకారుడు వారిచేతి కిచ్చినవి నెత్తురోడు గొడ్డళ్లు. వారి నడుమున కసాయివారు కత్తులు నూరుకొను ఉక్కుకడ్డీలు వ్రేలాడుచున్నవి. సైనికుని కసాయిగా చూపుట పాతయుక్తియే యని దీనిని త్రోసివేయరాదు. ఆ జూలైమాసముననే యోమెన్రీవారు తమ కత్తులను సానపట్టించిన సంగతి బయటపడి, ఇది ముందుగా తలచిన పనియే యను అపవాదునకు ఆధారమై యుండెను. కావున నడుములోని ఆ కడ్డీ అలంకారము మాత్రమే గాక అభియోగముకూడ నని నా తలంపు. ఆ వార్త తెలిసినవానికి అది సాక్ష్యము, తెలియనివానికి వట్టి కసాయి పనిముట్టు. దేశకాలముల వలన వ్యంగ్యము స్ఫురించుట యనగా నిదియే.

తోడివారిని పురికొల్పు ఆశ్వికుని పలుకు ఈ చిత్రమునకు ప్రాణము. వీరు మన గొడ్డుమాంసమును పుడ్డింగును లాగికొనవచ్చినవారు, కనికరింపక నఱకుడని వాని ప్రబోధము. అంతటితో ఆగక, ఎంత యెక్కువమందిని చంపిన బీదలపన్ను అంత తగ్గునని లెక్కకూడ చెప్పి, మీ శౌర్యమును రాజభక్తిని చూపుడని ముగించును. గొడ్డుమాంసము ఆంగ్ల వ్యంగ్యచిత్రసంప్రదాయమున స్వేచ్ఛాజీవియైన ఆంగ్లేయుని సౌభాగ్యమునకు గుర్తు. గిల్‌రే మొదలగు వ్యంగ్యచిత్రకారులు దానిని ఫ్రెంచివారి దారిద్ర్యమునకు ఎదురుగా నిలిపి నవ్వించిరి. క్రూయిక్‌షాంకు ఆ గుర్తును తెచ్చి, దానిని తినువాని నోటనే పెట్టి, అది ఆంగ్లేయులందఱి సొత్తు కాదని వానిచేతనే ఒప్పించెను. బీదలపన్ను మాట మఱింత తీవ్రమైనది. ప్రతి పారిషులోను ఆస్తిపరులు చెల్లింపవలసిన ఆ పన్నును తగ్గించుకొనుటకు బీదలనే తగ్గించుట యను ఈ గణితమును వక్త నిస్సంకోచముగా పలుకును. రాజభక్తి, శౌర్యము అను మాటల వెనుక నున్నది ఆస్తిరక్షణ మని చిత్రకారుడు వేఱుగా చెప్పనక్కఱలేదు. దళధ్వజముమీద మాక్బెత్ నాటకములోని మాట యొకటి వ్రాసియుండుటయు గమనింపదగును. ఆ నాటకమున క్రూరుడవు కమ్మని రాజును ప్రోత్సహించినది మాయారూపము. దానిని నమ్మిన రాజు నశించెను. చిత్రశీర్షికలోని ‘బ్రిటనులారా’ అను పాటయో, పర్సెలు స్వరపఱచగా శత్రువులమీదికి ఉత్సాహముతో పాడుకొన్న దేశభక్తిగీతము; ఇక్కడ నది నిరాయుధులైన స్వజనులమీదికి తిరిగినది.

ఇంతవఱకు చిత్రము అమోఘము. కాని క్రిందపడినవారు ఏల వచ్చిరి? ఓటడుగ వచ్చిరను సంగతి వారి నోట వినబడదు. చిత్రములో రాజకీయము మాటలాడువాడు చంపువాడే. చచ్చువారికి మిగిలినది చేతులెత్తి వేడుట. సెప్టెంబరులో ఎస్. డబ్ల్యు. ఫోర్స్ ప్రకటించిన ‘మాంచెస్టరు వీరులు’ అను మఱియొక చిత్రమున ఒక బిడ్డ, మా యమ్మను చంపకుడు, ఆమె హంటుగారిని చూచుటకు మాత్రమే వచ్చినదని ఆశ్వికుని వేడుకొనును. ఆ ‘మాత్రమే’లో జాలి యెంత కలదో, అంతే అన్యాయమును కలదు. ధ్వజము పట్టి హక్కు నడుగవచ్చిన స్త్రీ, జాలిపడదగినది కావలెనన్న, వేడుక చూడవచ్చిన స్త్రీ కావలసివచ్చినది. కరుణరసము నిండినచోట కోరిక మఱుగుపడినది.

ఇది చిత్రకారుని అనవధానము కాదనుటకు అతని యితర చిత్రములే సాక్షులు. జూలైలో అతడే ‘సార్వజనీన ఓటుహక్కు, లేదా పైకి తేలిన మురికి’ యని సంస్కరణవాదులను వెక్కిరించెను. సంహారమునకు సరిగా నాలుగు దినములు ముందు, ఆగస్టు 12న, బ్లాక్‌బర్నులో వేదిక యెక్కి మాటలాడిన స్త్రీలను గూర్చి ‘బెల్ అలయన్స్’ అను పేరున, ద్వంద్వార్థములతో, చెప్పరాని మోటుతనముతో గీసినవాడును అతడే. ఆ చిత్రమున స్త్రీలకు నోరున్నది, నవ్వులపాలగుటకు. ఈ చిత్రమున వారికి గౌరవమున్నది, నోరు లేదు. డిసెంబరు మొదటి తేదీ చిత్రమున విప్లవసంస్కరణము స్వాతంత్ర్యమను ముసుగు తొడిగి, బ్రిటనునకు ప్రతీకయైన బ్రిటానియామీద పడిన మృత్యుకంకాళము. అదే డిసెంబరులో విలియం హోను అను ప్రకాశకునితో కలిసి అతడు బొమ్మలు చెక్కిన ‘జాక్ కట్టిన రాజకీయ గృహము’ ప్రభుత్వమును ఉతికి ఆరవేసి, యాభైకి మించిన ముద్రణలు పొందెను. ఒకే మాసమున రెండు పక్షములు! మఱుసటియేడు రాజును అవినీతిస్థితిలో చిత్రింపనని మాట యిచ్చి అతడు నూరు పౌనులు పుచ్చుకొనెను. నాటి బొమ్మలగాడు ప్రకాశకుని గిరాకినిబట్టి బ్రదుకువాడు. హంఫ్రీ అను చిత్రవిక్రేత దుకాణమునకు ఒక బొమ్మ, హోనునకు మఱియొకటి. అతనిని తిట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. చిత్రమున పక్షమున్నంతమాత్రమున చిత్రకారునకు సిద్ధాంతమున్నదని అనుకొనరాదనుటయే నా యభిప్రాయము. చిత్రమేపక్షమో చెప్పుమను పరీక్షాప్రశ్నకు అలవాటుపడిన మనకు ఈ భేదము తోచుట కష్టము.

స్త్రీలను వేదికమీద, ధ్వజములతో, నిలువెత్తున చూడదలచినవారు రిచర్డు కార్లైలు ఆ అక్టోబరులో ప్రకటించిన చిత్రమును చూడవలెను. అతడు ఆనాడు వేదికమీద నుండినవాడు. తన చిత్రమును హంటునకును మాంచెస్టరు స్త్రీ సంస్కర్తలకును అంకితమిచ్చెను. చిత్రకళలో క్రూయిక్‌షాంకు పనితనము దానికి లేదు, హాస్యము అసలే లేదు. కాని కత్తులు మీదికి వచ్చుచున్న క్షణమునకూడ ఆ స్త్రీలు నిలిచియే యున్నారు, వారు కోరినదేమో ధ్వజములమీద చదువనగును. కావున పీటర్లూ దేశమునకు కలిగించిన దిగ్భ్రాంతిని తెలిసికొనగోరువారు టెగ్ చిత్రమును, ప్రజల కోర్కెను తెలిసికొనగోరువారు కార్లైలు చిత్రమును ప్రమాణముగా గ్రహింపవలెను. ఒకదానిని రెండవదానికి బదులుగా వాడరాదు. 1832 నాటి సంస్కరణశాసనము మాంచెస్టరునకు ఇద్దరు ప్రతినిధుల నిచ్చెను. పార్లమెంటు ఓటరు పురుషుడై యుండవలెనని మొదటిసారిగా స్పష్టముగ వ్రాసినదియు ఆ శాసనమే.