అకారాది క్రమము: పలక మీద ఒకటి, కంప్యూటరులో మరొకటి



హాజరు పట్టీలో పేర్లను అకారాది క్రమములో వ్రాయమంటే చేతితో వ్రాసే ఉపాధ్యాయునికి సందేహము రాదు. అదే పనిని కంప్యూటరుకు అప్పగిస్తే, కవిత కన్నా ముందు కళావతి పేరు వచ్చి కూర్చోవచ్చును. మనము నేర్పే వర్ణమాలలో ‘వ’ ముందు వస్తుంది. ‘హ’ దాటిన తరువాత గాని ‘ళ’ రాదు. మరి యంత్రము ఎందుకు తారుమారు చేసినది? దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. పిల్లలకు అక్షరక్రమము నేర్పే మనకు అది తెలిసి ఉండవలెను.

వర్ణమాల ఉచ్చారణ స్థానాలను అనుసరించి ఏర్పడినది. కంఠము మొదలుకొని పెదవుల దాకా క, చ, ట, త, ప వర్గాలు నడుస్తాయి. అయినా పూర్వపు కోశాలన్నీ ఈ వరుసను పాటించలేదు. అమరకోశము విషయాలను బట్టి వర్గాలుగా సాగుతుంది. కంఠస్థము చేసేవారికి అది చాలును. పుటలు తిప్పి మాటను వెదకవలసి వచ్చినప్పుడే అకారాది క్రమము అక్కరకు వస్తుంది. బ్రౌన్ నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) ఆ అక్కర తీర్చినవి. అక్కడ కూడా ఒక తేడా చూడండి. పలక మీద ‘క్ష’ను చివరన దిద్దిస్తాము. నిఘంటువులో ‘క్షమ’ కోసము ‘క’ కిందనే వెదకుతాము. ఒకే భాషకు రెండు వరుసలు. దేని పనికి అది ఒప్పే.

కంప్యూటరుకు అక్షరము తెలియదు, అంకె మాత్రమే తెలుసు. 1963లో వెలువడిన ఆస్కీ పద్ధతిలో ముందు అంకెలు, తరువాత పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, ఆ తరువాత చిన్నవి. 1964లో ఐబీఎం సంస్థ తన సిస్టమ్/360 యంత్రాలతో తెచ్చిన ఎబ్సిడిక్ పద్ధతిలో ముందు చిన్నవి, తరువాత పెద్దవి, చివరకు అంకెలు. ఒకే జాబితా రెండు యంత్రాలలో రెండు విధాలుగా వచ్చేది.

మన లిపుల కోసము 1988లో ఇస్కీ ప్రమాణము రూపొందినది. ఏ లిపిలోనైనా ‘క’ స్థానము ఒక్కటే కావలెనని అందరికీ ఒకే పట్టిక వేశారు. ఆ ఉమ్మడి పట్టికలో ‘ర’ పక్కన ‘ఱ’, ‘ల’ పక్కన ‘ళ’ చేరినవి. 1991లో వచ్చిన యూనికోడ్ ఆ అమరికనే స్వీకరించినది. అందువలన నేడు ‘ల’ సంఖ్య 3122, ‘ళ’ 3123, ‘వ’ 3125. కళావతి ముందుకు రావడానికి కారణము ఇదే.

ఇక డేటాబేసు సంగతి. 1970లో ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనాలో పట్టికలోని వరుసలకు స్వతహాగా ఏ క్రమమూ లేదు. అడిగినప్పుడే క్రమము పుడుతుంది. ఏ నియమముతో అన్నది 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణము ‘కొలేషన్’ అనే పేరుతో చేర్చినది. మైఎస్‌క్యూఎల్ 2004లో వచ్చిన 4.1 కూర్పు నుండి, పోస్ట్‌గ్రెస్ 2011లో వచ్చిన 9.1 నుండి ఒక్కొక్క నిలువు వరుసకు వేర్వేరు నియమము పెట్టుకొనే వీలు కల్పించినవి. వట్టి సంఖ్యల వరుసను పాటిస్తే కళావతి ముందు. యూనికోడ్ వారి వరుస నియమావళిని ఎంచుకుంటే ‘ళ’ మన వర్ణమాలలో వలెనే ‘హ’ తరువాత వస్తుంది, కవిత తన చోటికి చేరుతుంది. ‘ఱ’ మాత్రము అక్కడ కూడా ‘ర’ పక్కనే ఉంటుంది.

వరుస తప్పితే ఏమి కొంప మునిగినదని మీరు అడగవచ్చును. డేటాబేసు వేగముగా వెదకడానికి సూచికను ముందే వరుసలో పేర్చి పెట్టుకొంటుంది. నిఘంటువును ఒక క్రమములో అచ్చువేసి, మరొక క్రమములో వెదికితే ఉన్న మాట కూడా దొరకదు. 2018లో ఇదే జరిగినది. లైనక్స్ యంత్రాలు వాడే జీలిబ్‌సీ 2.28 కూర్పులో వరుస నియమాలు మారినవి. అంతకు ముందు 11 తరువాత వచ్చే 1-1, ఆపైన 11 కన్నా ముందు రాసాగినది. దాని మీద ఆధారపడిన పోస్ట్‌గ్రెస్ సూచికలు చెడిపోయే ప్రమాదము ఏర్పడి, వాటిని తిరిగి నిర్మించవలసి వచ్చినది. లేకపోతే ఉన్న పేరు లేదని చెప్పవచ్చును, రెండవసారి చేర్చుకోవచ్చును కూడా. ప్రవేశాల పట్టికలో ఒక బిడ్డ పేరు ‘లేదు’ అని వస్తే ఆ తల్లిదండ్రుల గతి ఏమిటో ఆలోచించండి.

భాషల వారు కూడా వరుస మార్చుకున్న సందర్భాలున్నవి. స్పానిషు అకాడమీలు 1994లో ‘సీహెచ్’, ‘ఎల్ఎల్’ జంటలను నిఘంటువులలో వేరు అక్షరాలుగా పేర్చడము మానివేయుటకు నిర్ణయించినవి. అక్కడ నిర్ణయము భాషావేత్తలది. యంత్రాలు దానిని అనుసరించినవి. మన విషయములో ఉమ్మడి పట్టిక ముందు వచ్చినది, మన వరుస తరువాత గుర్తుకు వచ్చినది.

సరిహద్దు ప్రాంతాలలో ఉన్న మనకు ఇంకొక చిక్కు. సంఖ్యల వరుసలో ఒడియా, తమిళము, తెలుగు, కన్నడము ఈ క్రమములో ఉంటాయి. మూడు లిపుల పేర్లు ఒకే జాబితాలో ఉంటే అవి కలిసిపోవు; తమిళ పేర్లన్నీ అయిన తరువాతనే తెలుగు పేర్లు, వాటి వెనుక కన్నడ పేర్లు. మన పిల్లల పేర్లు జాబితాలో లేవని కంగారు పడకముందు అడుగు దాకా చూడండి.

మీ పాఠశాలలో జాబితా తయారుచేసే వారిని రెండు మాటలు అడగండి: తెలుగు పేర్లకు ఏ కొలేషన్ పెట్టారు? యంత్రము మార్చినప్పుడు సూచికలను తిరిగి నిర్మించారా? ఆపైన కల, కవి, కసి, కళ అనే నాలుగు మాటలు ఇచ్చి పేర్చి చూపమనండి. ‘కళ’ చివరన వస్తే మన వర్ణమాల వరుస అందినట్లే. రెండవ స్థానములో వస్తే, వారికి ‘ళ’ ఎక్కడ ఉండవలెనో చెప్పవలసినది మనమే.