రాజకీయ చరిత్రయందు కారణనిర్ణయము: ఘట్‌కేసర్ రైలుదారి

ఒక కార్యమునకు ముందు జరిగినదెల్ల దానికి కారణము గాదు. కుండ పుట్టుటకు ముందు మట్టి మోసిన గాడిదయు నున్నది. కాని తార్కికులు దానిని అన్యథాసిద్ధమని త్రోసివేసిరి. ఆంధ్రుడగు అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివినవారి కిది క్రొత్త విషయము గాదు. అయినను మన రాజకీయ చరిత్రరచనయం దీ వివేకము తఱచుగా లోపించుచున్నది. పూర్వాపరములను చూపినంతనే కార్యకారణభావమును సాధించితి మనుకొనుచున్నాము.

ఇందుకు ఘట్‌కేసర్ మీదుగా పోవు రైలుమార్గము మంచి నిదర్శనము. వాడినుండి 1874లో సికిందరాబాదు చేరిన నిజాము రైలుమార్గము 1886లో వరంగల్లు వఱకును, 1889లో బెజవాడ వఱకును సాగెను. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, జనగామ యీ మార్గముననే యున్నవి. 1944లో ఆంధ్రమహాసభ చీలినది భువనగిరిలో. 1946 జులై 4వ తేదీని దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు కూలినది జనగామ తాలూకా కడవెండిలో. కావున రైలే పత్రికలను, కార్యకర్తలను, క్రొత్త భావములను పల్లెలకు తెచ్చి తెలంగాణ రైతాంగ పోరాటమునకు కారణమయ్యెనని యెవరైన వాదింపవచ్చును. వాదము వినుటకు సొంపుగనే యున్నది.

దీనిని అన్వయవ్యతిరేకములచే పరీక్షింతము. వికారాబాదు, తాండూరులకు రైలు పండ్రెండేండ్లు ముందుగనే వచ్చినది. అచ్చట నట్టి పోరాటము చెలరేగలేదు. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలకు ఆనాడు రైలు లేదు. పోరాటమునకు అవియే పట్టుగొమ్మలు. కావున రైలు తానొక్కటియే చాలిన కారణము గాదు. అది లేనిదే కార్యము కలుగదనుటయు పొసగదు.

దేశముఖుల భూస్వామ్యమే కారణమందుమా? విస్తారములగు కమతములు నల్లగొండ, వరంగల్లు జిల్లాలందు వలెనే మహబూబ్‌నగర్ జిల్లాయందును ఉండెను. పోరాట మచ్చట నంతటి బలము పొందలేదు. వెట్టి తెలంగాణమంతట నుండినదే. సంఘబలమే కారణమందుమా? సంఘము బలిసినందున పోరాటము పెరిగెనా, పోరాటము పెరిగినందున సంఘము బలిసెనా? ఇది బీజాంకురన్యాయము. ఏ గ్రామమున సంఘ మెన్నడు వెలసెను, తొలి యెదిరింపు ఎన్నడు జరిగెను అను తేదీలు లేనిదే యీ చిక్కు వీడదు. ఒక్క కారణమును గాక కారణసామగ్రిని వెదకుట యుక్తము.

ఆ సామగ్రియందు రైలునకు సహకారిగానైన చోటు కలదా? ఇచ్చట నేటి పరిశోధకుల పద్ధతి యొకటి యుపకరించును. ఇంగ్లీషువారు ఏలిన సీమలను సంస్థానములతో ఊరక పోల్చిన ఫలము లేదు; వారు మేలైన నేలలను ఏరికొనియుండవచ్చును. అందుచే లక్ష్మీ అయ్యరు 2010లో ప్రకటించిన వ్యాసమున, 1848-1856 నడుమ డల్‌హౌసీ కాలమున వారసులు లేక రాజులు మరణించుటచే కలుపుకొనబడిన సంస్థానములను ఆధారముగా గొనిరి. సంతానలేమి నేల సారమును బట్టి వచ్చునది గాదు గదా! అట్లు పోల్చగా, ఇంగ్లీషువారి ప్రత్యక్షపాలన నుండిన సీమలకు స్వాతంత్ర్యానంతరము బడులు, ఆరోగ్యకేంద్రములు, బాటలు తక్కువగా నుండెనని తేలినది.

ఘట్‌కేసర్ వంటి యూళ్లును మనకట్టి యాదృచ్ఛికమునే యొసగుచున్నవి. రైలు ఉద్దేశించినది సికిందరాబాదు, వరంగల్లు, బెజవాడలను కలుపుటకు. నడుమనున్న పల్లెలు దారిలో తగిలినవి. కావున ఒకే దేశముఖు క్రింద, ఒకే తీరు నేలలో, స్టేషను చెంతనున్న గ్రామమును నాలుగామడల దూరపు గ్రామముతో పోల్చవలెను. సేత్వార్లు, పహాణీలు, వృద్ధుల వాఙ్మూలములు ఇందుకు సాధనములు. స్టేషనే యొక యంగడియై, అంగడియే సంఘమునకు తావయ్యెనేని ఆ మెట్టునుగూడ లెక్కింపవలెను.

ఇది తర్కవినోదము గాదు. పోరాటము రైలువలన కలిగెనన్నచో దాని కీర్తి రైలు వేసిన ప్రభుత్వమునకు చెందును. వెట్టి నెదిరించి ప్రాణములిచ్చినవారు వట్టి నిమిత్తమాత్రు లగుదురు. వారి చేతలకు చరిత్రయందు తగిన చోటు దొరకుటయు దొరకకుండుటయు మన కారణనిర్ణయముపై ఆధారపడియున్నవి. కావున ఈ ప్రాంతపు గ్రామచరిత్రలను కూర్చువారు సంఘటనలతో పాటు తేదీలను, పోరాటము జరిగిన యూళ్లతో పాటు జరుగని యూళ్లను గూడ వ్రాసియుంచవలెను. జరుగని యూరి సాక్ష్యము లేనిదే జరిగిన యూరి కారణము తేలదు.