కంబోడియాలో మర్యాదగా పర్యటించడం

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళాలు రాజధాని నాంపెన్ నగరాన్ని పట్టుకుని, కొద్ది రోజుల్లోనే జనాన్నంతా పల్లెలకు తరిమేశాయి. 1979 జనవరి 7న వియత్నాం సేనలు నగరంలోకి వచ్చేదాకా సాగిన వాళ్ళ నాయకుడు పోల్ పాట్ పాలనలో హత్యలకు, ఆకలికి, రోగాలకు, వెట్టిచాకిరీకి 17 నుంచి 20 లక్షల మంది బలయ్యారని అంచనా. అంటే దేశ జనాభాలో దాదాపు నాలుగో వంతు. అంగ్‌కోర్ గుళ్ళు చూడబోయిన యాత్రికుడికి ఎదురయ్యే పెద్దవయసు వాళ్ళలో ఆ రోజుల్లో అయినవాళ్ళను పోగొట్టుకోనివారు అరుదు.

నాంపెన్‌లోని తువోల్ స్లెంగ్ మ్యూజియం ఒకప్పుడు హైస్కూలు. ఖ్మేర్ రూజ్ దాన్ని ఎస్-21 అనే చెరసాలగా మార్చింది. తరగతి గదుల్లో ఇటుకలతో మనిషి పట్టేంత కొట్లు కట్టారు. ఖైదీలు కిందికి దూకి చనిపోకుండా వరండాలకు ముళ్ళతీగ బిగించారు. కనీసం 14 వేల మందిని ఇక్కడికి తెచ్చారు, ప్రాణాలతో బయటపడినవారు వేళ్ళమీద లెక్కించదగినంత మంది. లోపలికి తెచ్చిన రోజే తీసిన ఖైదీల ఫొటోలు ఇప్పుడు గోడల నిండా ఉన్నాయి. 2021లో ఒక విదేశీ కళాకారుడు వాటిలో కొన్నింటికి రంగులద్ది, కొన్ని ముఖాలకు నవ్వు తగిలించి ప్రచురింపజేస్తే బంధువులు తల్లడిల్లిపోయారు. కంబోడియా ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక వాటిని తొలగించారు. నవ్వవద్దని మ్యూజియంలో బోర్డులు పెట్టింది ఊరికే కాదు. ఆ ఫొటోల పక్కన సెల్ఫీ దిగడం ఆ కుటుంబాలను మళ్ళీ గాయపరచడమే.

ఖైదీలను చంపి పూడ్చిన చోటు నగర శివార్లలోని చోయెంగ్ ఏక్. తవ్విన గోతుల్లో 8,895 మృతదేహాలు దొరికాయి. వానలకు మట్టి కొట్టుకుపోయి నేటికీ ఎముకలు, బట్టపేలికలు పైకి తేలుతుంటాయి. అలాంటివి కనబడితే ముట్టుకోకుండా అక్కడి సిబ్బందికి చెప్పాలి. ఈ రెండు చోట్లనూ, ఎం-13 అనే మరో చెరసాల స్థలాన్నీ యునెస్కో 2025లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మాటల్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఐక్యరాజ్యసమితి అండతో నడిచి 2022లో ముగిసిన ప్రత్యేక న్యాయస్థానం శిక్ష వేసింది ముగ్గురికే. మిగిలిన మాజీ ఖ్మేర్ రూజ్ మనుషులు ఎందరో బాధితుల ఊళ్ళలోనే ఇరుగుపొరుగుగా బతుకుతున్నారు. అలాంటి చోట "మీ ఇంట్లో ఎవరు పోయారు?" అని ఆరా తీయడం తగదు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి. ఇక అనాథాశ్రమాల సందర్శన అసలే వద్దు. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు. యాత్రికుల డబ్బు వస్తుండటమే పిల్లలను ఇళ్ళకు దూరం చేస్తోందని బాలల సంస్థలు ఏళ్ళుగా మొత్తుకుంటున్నాయి.

థాయ్‌లాండ్ సరిహద్దు వెంబడి మందుపాతరలు ఇంకా ఉన్నాయి. పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డు కనబడితే అడుగు ముందుకు వేయకూడదు, నలిగిన దారి తప్పకూడదు. 2025లో అక్కడ రెండు దేశాల సైన్యాల మధ్య పోరాటం జరిగింది కాబట్టి వెళ్ళేముందు తాజా పరిస్థితి కనుక్కోవాలి.

పోయినవాళ్ళను తలచుకునే అక్కడి పచుమ్ బెన్ పండుగ మన మహాలయ పక్షం లాంటిదే. పదిహేను రోజులపాటు తెల్లవారకముందే విహారాలకు వెళ్ళి, పెట్టేవారు లేని ప్రేతాత్మల కోసం కూడా అన్నం ముద్దలు వేస్తారు. యాత్రికులూ వెళ్ళవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని, చెప్పులు విడిచి, అడిగాకే ఫొటో తీయాలి. చివరి రోజుల్లో అందరూ సొంతూళ్ళకు ప్రయాణమవుతారు. దుకాణాలు చాలావరకు మూస్తారు, బస్సు టికెట్లు ముందే కొనుక్కోవాలి.